అంచు లేని తవుడమ్మ

వయోజన పరీక్షల మండలి వారు ఆ ఏడాదిని స్వయం ముద్రణ సంవత్సరంగా ప్రకటించారు. అంతకు ముందుది మొక్కల సంవత్సరం. దాని తాలూకు కుండీలు ఆఫీసు మెట్ల మీద ఇంకా ఉన్నాయి, మొక్కలే లేవు. స్వయం ముద్రణ అంటే, పదో తరగతి పరీక్షకి కట్టే ప్రతివారూ తమ ఫోటోని తమ ఇంట్లో తామే అచ్చు వేసుకుని తేవాలి. స్టూడియోకి వెళ్ళడం పరాధీనత. పరాధీనులు పరీక్ష రాసి మాత్రం ఏం బాగుపడతారని డైరెక్టరు గారు ప్రారంభ సభలో అడిగారు. జవాబు తోచక అందరూ చప్పట్లు కొట్టారు.

ఉత్తర్వులో పదకొండు నిబంధనలు. మూడో నిబంధన ప్రకారం ఫోటో చుట్టూ తెల్ల అంచు ఉండకూడదు. నాలుగో దాని ప్రకారం ఆ అంచుని కత్తెరతో కోయకూడదు. కోస్తే అది ఖండిత పత్రం, ఖండిత పత్రం చెల్లదు. అంటే కాగితం ప్రింటర్‌లోంచి వస్తూ వస్తూనే ఈ చివర నుంచి ఆ చివర దాకా బొమ్మతో నిండి రావాలన్నమాట.

ఈ ఉత్తర్వు చదివి సంతోషించిన మనిషి జిల్లా మొత్తం మీద ఒక్కడే. అతను రామినాయుడు. ముప్పై నాలుగేళ్ళు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా స్తంభాలెక్కి దిగి, కిందటేడే రిటైరయ్యాడు. యంత్రమన్నాక విప్పాలి, విప్పితే అది మన మాట వింటుందన్నది అతని సిద్ధాంతం. ఇంట్లో అతను విప్పని యంత్రం లేదు. విప్పాక మునుపటిలా నడిచిన యంత్రమూ లేదు. రిటైరైన నెలలోనే ఒక ప్రింటర్ కొన్నాడు గానీ, అచ్చు వేయడానికి ఏమీ దొరకక వంటింటి డబ్బాలకి ఆవాలు, మెంతులు అని చీటీలు వేసి అంటించాడు. రెండు డబ్బాల చీటీలు తారుమారయ్యాయి. మెంతుల డబ్బాలో ఇప్పటికీ ధనియాలే ఉంటాయి.

పరీక్షకి కట్టింది అతని భార్య తవుడమ్మ. వయసు నలభై ఏడు. పదహారేళ్ళుగా అంగన్‌వాడీలో ఆయా. పిల్లల ముక్కులు తుడిచేదీ, పాటలు పాడించేదీ, అన్నం తినిపించేదీ తవుడమ్మే. పిల్లలు టీచరని పిలిచేది మాత్రం కుర్చీలో కూచున్న ఆవిడని. ఆవిడ ఈ జూన్‌లో రిటైరవుతోంది. పదో తరగతి పాసైన ఆయాకి ఆ ఉద్యోగం ఇస్తారు. వచ్చే ఏడాదికైతే తవుడమ్మకి వయసు దాటిపోతుంది. ఇప్పటికే రెండుసార్లు లెక్కల్లో తప్పింది, ఒకసారి నాలుగు మార్కులతో, ఒకసారి రెండు మార్కులతో. ఒక్కదాంట్లో తప్పినా అన్ని పరీక్షలూ మళ్ళీ రాయాల్సిందే. కాబట్టి ఆఖరి అవకాశం ఇదే. దానికి అడ్డంగా ఉన్నది ఒక్క ఫోటో.

"నువ్వేటీ బెంగ పెట్టుకోకు," అన్నాడు రామినాయుడు. "ఇది నా డ్యూటీ."

ఇంటి నీలం గోడకి నిలబెట్టి ఫోను‌లో ఫోటో తీశాడు. అల్లుడు వదిలేసిన ల్యాప్‌టాప్‌లో పెట్టి, పోస్టుకార్డంత కాగితం మీద అచ్చు కొట్టాడు. తవుడమ్మ చక్కగా వచ్చింది, చుట్టూ నాలుగు వైపులా తెల్లటి అంచుతో సహా. అదొక సంగతే అనుకోకుండా మర్నాడు మండలి ఆఫీసుకి పట్టుకెళ్ళాడు.

అక్కడ మూడో నంబరు కిటికీ దగ్గర ఈ సంవత్సరం కోసమే పుట్టిన ఉద్యోగం ఒకటుంది, అంచు పరిశీలకుడు. ఆ ఉద్యోగంలో ఉన్నది భీమశంకరం గారు. లంచం ఎరగని మనిషి, భూతద్దం, స్టీలు స్కేలు లేకుండా కుర్చీలో కూర్చోని మనిషి. నాలుగు వైపులా కొలిచాడు.

"ఈ ఛాయాచిత్రమునకు అన్ని దిక్కులా మూడేసి మిల్లీమీటర్ల అంచు గమనించడమైనది. కావున త్రోసిపుచ్చడమైనది."

"ఎవరు తోసిపుచ్చినారు బాబూ?"

"ఆఫీసు."

"ఆఫీసులో ఎవరు?"

"ఆఫీసులో ఎవరూ ఉండరు నాయుడు గారూ. ఆఫీసే ఉంటుంది. మళ్ళీ రండి."

రామినాయుడు ఇంటికొచ్చి ప్రింటర్ ముందు బాసిపట్టు వేసుకుని కూచున్నాడు. లైన్‌మన్‌కి ఒక అలవాటుంది. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ వాళ్ళని అడిగి ఎల్‌సీ తీసుకుంటాడు. లైన్లో కరెంటు తీసేశాం, నువ్వు దిగి చెప్పేదాకా మళ్ళీ ఇవ్వం అని అవతలివాళ్ళు ఇచ్చే మాటే ఎల్‌సీ. ఇంట్లో ఏ యంత్రం ముట్టుకున్నా అతను తవుడమ్మ దగ్గర ఎల్‌సీ తీసుకుంటాడు. ఆమె వెళ్ళి మెయిన్ ఆపేస్తుంది. ఆ రోజు కూడా తీసుకున్నాడు. ప్రింటర్ ఎందుకు కదలడం లేదో కనిపెట్టడానికి గంట పట్టింది.

మెయిన్ వేశాక సెట్టింగుల్లో బోర్డర్‌లెస్ అనే మాట కనిపించింది గానీ, అది నీడలాగా వెలిసిపోయి, ఎంత నొక్కినా పలకలేదు. రెండు రోజులు కుస్తీ పట్టాక తెలిసిందేమిటంటే, కాగితం రకం మామూలు కాగితం అని ఉన్నంతసేపూ ఆ మీట పనిచేయదు. ఫోటో కాగితం అని మారిస్తేనే ప్రాణం పోసుకుంటుంది. మార్చాడు. సర్రున కాగితం బయటికొచ్చింది, అంచు లేకుండా, నీలి రంగు కొస నుంచి కొస దాకా పరుచుకుని. రామినాయుడు వీధిలో నలుగురికీ చూపించి వచ్చాడు. కుడి చెవి లేదన్న సంగతి ఆ నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు.

భీమశంకరం గారు చెప్పాడు. అంచు లేకుండా అచ్చు వేయాలంటే ప్రింటర్ బొమ్మని కాగితం కన్నా కాస్త పెద్దది చేస్తుంది. కాగితం దాటి పోయిన ముక్క గాల్లో కలిసిపోతుంది. ఆ ముక్కలో తవుడమ్మ కుడి చెవి, దానికున్న కమ్మ, కొప్పులో సగం పోయాయి.

"ఏడో నిబంధన. రెండు చెవులూ సంపూర్ణముగా కనబడవలెను."

"సెవి ఉన్నాది బాబూ. మనిషి అదుగో, బల్ల మీద కూసున్నాది. సూడండి."

"మనిషికి ఉన్నదని మీరంటున్నారు. ఛాయాచిత్రమునకు లేదని ఆఫీసు అంటున్నది. ఇందులో దారి లేకపోలేదు. కుడి చెవి లేదని ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రం సమర్పించినచో ఏడో నిబంధన నుంచి మినహాయింపు గలదు."

రామినాయుడు ఒక్క క్షణం ఆలోచనలో పడ్డాడు. తవుడమ్మ ఆ క్షణం గమనించింది. చేత్తో చెవి మూసుకుని లేచింది.

"పద ఇంటికి," అంది.

ఇంటి దగ్గర మళ్ళీ వెతికితే, బొమ్మ ఎంత పెద్దది కావాలో చెప్పే మీట ఒకటి దొరికింది. దాన్ని బాగా తగ్గించాడు. చెవి తిరిగి వచ్చింది, కమ్మతో సహా. కానీ కాగితం ట్రేలో వెంట్రుక వాసి పక్కకి జరిగినట్టుంది, ఎడమ వైపు దారం పోగంత తెల్ల గీత మిగిలింది. భీమశంకరం గారు భూతద్దంలో ఆ గీతని చాలాసేపు చూశాడు. చూసి, దానికి రేఖామాత్ర అంచు అని పేరు పెట్టాడు. పేరు పెట్టాక ఇక వదలడానికి వీల్లేదు కదా. త్రోసిపుచ్చడమైనది.

కాగితాన్ని పట్టుకునే రెక్కలు బిగించాడు, గీత కుడి వైపుకి వచ్చింది. సడలించాడు, చెవి పోయింది. రోలర్లు తుడిచాడు, ఫోటో మీద వేలిముద్ర పడింది. పరీక్షలు ఇంకా మూడు వారాలున్నాయి. తవుడమ్మ పుస్తకం తెరిచినప్పుడల్లా ఫోటో దిగడానికి రమ్మని పిలుపు వచ్చేది. ఫోటో లేనప్పుడు అన్నం, అన్నం లేనప్పుడు కాఫీ. త్రిభుజాల పాఠం మొదటి పేజీ దాటలేదు.

"నాకు మెషీను అర్థమయిపోనాది," అన్నాడు రామినాయుడు ఒకరోజు పొద్దున్నే. "దీనికి అంచు తియ్యడం రాదు. అయినా మనం అంచు తియ్యక్కర్లేదు. కనపడకుండా సేస్తే సాలు."

భార్యని పాత సబ్‌స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ గదికి అప్పుడే సున్నం కొట్టారు. ఆ తెల్ల గోడకి నిలబెట్టి ఫోటో తీసి, మామూలు పద్ధతిలో, నాలుగు వైపులా అంచు ఉంచే అచ్చు కొట్టాడు. వెనక గోడ తెలుపు, అంచు తెలుపు. ఎక్కడ గోడ ఆగిందో ఎక్కడ అంచు మొదలైందో అచ్చు కొట్టినవాడికే తెలియలేదు. చెవులు మాత్రం రెండూ ఉన్నాయి.

ఆ రోజు భీమశంకరం గారు మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. భూతద్దంతో చూశాడు, కిటికీ వెలుగులో చూశాడు, తిరగేసి వెనక నుంచి చూశాడు. నిజాయితీపరుడు కావడం వల్ల ఇబ్బంది వచ్చి పడింది.

"అంచు లేదని వ్రాయలేము. ఉన్నదనీ వ్రాయలేము," అన్నాడు నుదురు తుడుచుకుని. "అంచు నిర్ధారణ సంఘమునకు నివేదించడమైనది."

సంఘానికి అధ్యక్షురాలు సూపరింటెండెంటు సుగుణావతి గారు. ఎమ్మెస్సీ లెక్కలు ప్రథమ శ్రేణిలో పాసై ఉద్యోగంలో చేరారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చేసిన గణితమంతా సెలవు రోజుల కూడికే. సంఘం రెండు రోజులు కూచుంది. మొదటి రోజు తెలుపు అంటే ఏమిటో నిర్వచించారు. రెండో రోజు, అంచు కాదని రుజువయ్యేదాకా ప్రతి తెలుపునూ అంచుగానే భావించాలని తీర్మానించారు. ఆ లెక్కన ఈ ఫోటోలో అంచు తవుడమ్మ జుట్టు దగ్గరే మొదలవుతుంది. ఆమె తప్ప మిగతాదంతా అంచే. కాబట్టి ఇకమీదట ఫోటోలో నాలుగు మూలలూ దరఖాస్తుదారుతోనే నిండాలి.

"అంటే ముఖం దీర్ఘచతురస్రంగా ఉండాలన్నమాట," అన్నారు సుగుణావతి గారు, గాల్లో వేలితో ఒక బొమ్మ గీసుకుంటూ. ఆవిడ తనలో తాను అనుకున్నారు. మినిట్స్ రాసే గుమాస్తా దాన్ని పన్నెండో నిబంధనగా రాసేశాడు.

దాన్ని కిటికీలోంచి చదివి వినిపించినప్పుడు రామినాయుడికి కోపం వచ్చింది. ముప్పై నాలుగేళ్ళలో పిడుగు మీద కూడా రానంత కోపం.

"ఇంకేటి సెయ్యమంటారు బాబూ? మనిషినే తెచ్చి కాయితానికి అంటించీమంటారా?"

భీమశంకరం గారి సర్వీసులో కోపమనే పద్దు వేరే లేదు. కిటికీ అవతల నుంచి ఏ మాట వచ్చినా అది విన్నపమే. దీన్ని కూడా విన్నపంగానే రాసుకుని ఉత్తర్వు తిరగేశాడు. తొమ్మిదో నిబంధన దగ్గర వేలు ఆగింది. ఛాయాచిత్రము అసలు మనిషిని ఎంత దగ్గరగా పోలియుండునో అంత శ్రేష్ఠము.

"అసలు మనిషిని అసలు మనిషి కంటె దగ్గరగా పోలినది ఏదియు లేదు," అన్నాడు నెమ్మదిగా. అతని ముఖం విప్పారింది. "అమ్మా, ఇటు లోపలికి దయచేయండి."

తవుడమ్మ లోపలికి వెళ్ళింది. స్కేలు పెట్టి నాలుగు వైపులా చూశారు. తెల్ల అంచు ఎక్కడా లేదు, మూలలే లేవు కాబట్టి పన్నెండో నిబంధన వర్తించదు. చెవులు రెండు. చీర ముదురు ఎరుపు కావడం వల్ల సంఘానికి పెద్దగా పని పడలేదు. అయిదో నిబంధన ప్రకారం పిన్ను గుచ్చకూడదు కాబట్టి ఫైలుకి కట్టే పచ్చ ట్యాగు ఆమె ముంజేతికి కట్టారు. జతపరచిన పత్రాల పట్టికలో నాలుగోదిగా ఎక్కించారు: తవుడమ్మ, ఒకటి.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. ఆరో నిబంధన ప్రకారం ఛాయాచిత్రాన్ని మడవకూడదు. మరి తవుడమ్మ కూచోవచ్చా? కూచుంటే మోకాళ్ళ దగ్గర మడత పడుతుంది. ఈ చర్చ పూట గడిచినా తెమలలేదు. ఆ పూటంతా ఆమె నిలబడే ఉంది. చివరికి సుగుణావతి గారే, పుట్టుకతో ఉన్న మడత మడత కాదని తేల్చి ఒక స్టూలు వేయించారు.

ఫైలు ఏ బల్ల మీదికి వెళితే స్టూలు ఆ బల్ల పక్కకి వెళ్ళేది. సర్కారు ఫైలు సంగతి తెలిసిందే కదా, ఒక బల్ల మీద మూడు రోజులు, ఇంకో బల్ల మీద నాలుగు రోజులు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ పిలవరు. ఎవరూ కాఫీ అడగరు, సరికదా పదకొండింటికి అటెండరు తనకే తెచ్చి ఇస్తున్నాడు. అంగన్‌వాడీకి సెలవు పెట్టిన తవుడమ్మ రెండో రోజు సంచిలోంచి లెక్కల పుస్తకం తీసింది.

త్రిభుజం దగ్గర ఆగిపోయి పెన్సిలు కొరుకుతుంటే సుగుణావతి గారు ఫైలు మీంచి తొంగి చూశారు. "ఇక్కడ ఒక లంబం గీయమ్మా," అన్నారు. గీసింది. "ఇప్పుడు చూడు." చూసింది. ఆవిడ కుర్చీ దగ్గరకి జరుపుకున్నారు. మర్నాటి నుంచి ఫైలు ఆవిడ బల్ల దాటలేదు. అవసరమైన సందేహాలు ఫైల్లో రాసి ఆపుకున్నారు. గీతలు గీయడానికి భీమశంకరం గారి స్టీలు స్కేలు వచ్చింది. లేఖారచన పాఠం ఆయనే చెప్పాడు. ఆ దెబ్బకి తవుడమ్మ స్నేహితురాలికి రాసే ఉత్తరం కూడా 'పై విషయమును పురస్కరించుకొని' అని మొదలుపెట్టడం నేర్చుకుంది.

సాయంత్రం అయిదింటికి ఆఫీసు మూసేస్తారు కాబట్టి, జతపరచిన పత్రాన్ని రాత్రి భద్రత కోసం ఇంటికి ఇచ్చేవారు. రామినాయుడు మొదటి రోజే ఒక హామీపత్రం మీద సంతకం పెట్టాడు. అందరిలాగే చదవకుండా పెట్టాడు. ఇంటికొచ్చాక తవుడమ్మ కుర్చీలో కూచుని, దాని నకలుని మధ్యమధ్య వంటింటి గుమ్మం వైపు చూస్తూ చదివింది.

"పొగ తగలనివ్వరాదు. నూనె తగలనివ్వరాదు. తడి తగలనివ్వరాదు. గీతలు పడనివ్వరాదు. పది గంటలకు ఇచ్చిన స్థితిలోనే తిరిగి అప్పగించవలెను." కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. "పొయ్యి కాడికి ఎలగెళ్తాను సెప్పు? అంట్లు ఎలగ తోమతాను? నువ్వే సంతకం పెట్టినావు."

రామినాయుడు ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యికి విప్పడానికి మరలు ఎక్కడున్నాయో ముందు చూసుకున్నాడు. పోపుకి మెంతుల డబ్బా తీస్తే అందులో ధనియాలు ఉన్నాయి. ఆ చీటీ అంటించిన మనిషిని తిట్టబోయి ఊరుకున్నాడు. రెండు వారాల్లో అతనికి వేళ్ళు మూడుచోట్ల తెగాయి, చారు ఒకసారి కుదిరింది, తవుడమ్మ త్రిభుజాలు దాటి వృత్తాల్లోకి వెళ్ళింది.

పరీక్ష ముందు రోజు ఫైలు డైరెక్టరు గారి బల్లకి చేరింది. ఆయన తవుడమ్మని పైనుంచి కిందికి చూసి, ఫైల్లో 'చూశాను' అని రాసి, జతపరచిన పత్రాన్ని రసీదు మీద పరీక్షా కేంద్రానికి పంపమన్నారు. మర్నాడు భీమశంకరం గారే జీపులో దగ్గరుండి తీసుకెళ్ళాడు. కేంద్రం పెద్ద ఆమెని ఎగాదిగా చూసి రసీదు రాసిచ్చాడు: 'తవుడమ్మ ఒకటి, అంచు లేదు, చెవులు రెండు, మంచి స్థితిలో అందినది.' మొదటి రోజు తెలుగు పరీక్ష. గంట కొట్టారు, తలుపులు మూశారు.

రామినాయుడు గేటు బయట క్యారేజీ పట్టుకుని నిలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఏ యంత్రమూ విప్పకుండానే పని జరిగిందేమిటా అని ఒక పక్క చిన్నతనం, ఏదో ఒకలాగ జరిగింది కదా అని ఒక పక్క సంతోషం.

పన్నెండున్నరకి తవుడమ్మ బయటికొచ్చింది. అన్నీ రాశానంది. భీమశంకరం గారు జీపులోంచి రిజిస్టరు తీసుకుని దిగాడు.

"పరీక్షా కేంద్రమున ప్రవేశము లభించినందున జతపరచిన పత్రము యొక్క ఉద్దేశము నెరవేరినది. కావున సొంతదారునకు శాశ్వతముగా తిరిగి ఇవ్వడమైనది. నాయుడు గారూ, ఇక్కడ ఒక్క సంతకం. రేపటి నుంచి అమ్మగారు ఆఫీసుకి రానక్కర్లేదు. నేరుగా ఇంటి నుంచే పరీక్షకి వచ్చేయవచ్చును."

రామినాయుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కట్టు కట్టిన వేలితోనే పెన్ను అందుకున్నాడు. తవుడమ్మ రిజిస్టరు మీద చెయ్యి పెట్టింది.

"సంతకం ఎట్టకు."

"అదేటే? అంతా అయిపోనాది కదా."

"లెక్కలు అవనేదు. లెక్కల పరీచ్చ శుక్రోరం." ఆమె భర్త వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "రెండుసార్లు ఎందుకు తప్పినానో నీకు తెల్సా? లెక్కలు రాక కాదు. పుస్తకం ఇప్పుకుని కూసోడానికి మనింట్లో నాకు సోటు నేక. నలబయ్యేడేళ్ళొచ్చినాయి. కూకుని సదువుకో అని నాకు స్టూలు ఏసినోళ్ళు ఈ ఆఫీసోళ్ళే, ఇంకెవుళూ ఎయ్యనేదు." భీమశంకరం గారి వైపు చూసింది. "బాబూ, శుక్రోరం దాకా నన్ను ఫైల్లోనే ఉంచండి."

భీమశంకరం గారు ఉత్తర్వు మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. తనను అట్టే పెట్టుకోమని జతపరచిన పత్రమే అడిగితే ఏం చేయాలో పన్నెండు నిబంధనల్లోనూ లేదు. ఆయన ఉత్తర్వు మూసి, జీపు బానెట్ మీద రిజిస్టరు పరిచి, 'మరింత పరిశీలన నిమిత్తము శుక్రవారము వరకు ఆపి ఉంచడమైనది' అని గుండ్రంగా రాశాడు. రాసి, జీపు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. తవుడమ్మ ఎక్కి కూచుని పుస్తకం తెరిచింది.

రామినాయుడు జీపు దగ్గరకి వచ్చాడు. పాతికేళ్ళకి పైగా ఆ మనిషితో కాపురం చేస్తున్నాడు, ఇన్నాళ్ళూ కూచుని చదువుకో అన్న మాట ఒక్కసారీ తనకి తట్టనందుకు సిగ్గేసింది. పెన్నుకి మూత పెట్టి భీమశంకరం గారి చేతికిచ్చాడు. క్యారేజీ భార్య ఒళ్ళో పెట్టి, రేపు ఏం వండమంటావని అడిగాడు.